వంటింట్లో నీళ్ళ గూడు

మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడం మొదలుపెట్టిన ఏడాది, ఈ దేశం కాని దేశంలో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో వంటిల్లు నా చేతిలోంచి పోయింది. స్టవ్ పక్కన సిమెంటు డబ్బా, పోపుల డబ్బా పక్కన నీలం గాజు పెంకులు, ఫ్రిజ్ మీద ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు. పొద్దున్నే కాఫీ కలుపుకోవాలంటే ముందు సగం కట్టిన రోమన్ ఫౌంటెన్ ఒకదాన్ని గట్టు చివరికి జరపాలి. అది ఎక్కడ విరుగుతుందోనని జరుపుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి. మా ఆయన ఆ గోలలో పడకుండా ఆఫీసుకి వెళ్ళాకే కాఫీ తాగడం అలవాటు చేసుకున్నారు.

అది వాళ్ళ క్లాసులో ఇచ్చిన పని. పాతకాలంలో నీటి కోసం కట్టిన ఏదైనా ఒక కట్టడాన్ని ఎంచుకుని దానికి నమూనా చెయ్యాలి. అందులో నిజంగా నీళ్ళు పారాలి. మోటారు పెట్టకూడదు, ఎందుకంటే ఆ రోజుల్లో మోటార్లు లేవు. మన మెట్లబావి చెయ్యవే అని నేను సలహా ఇచ్చాను. "అమ్మా, మెట్లబావి ఆల్రెడీ ముగ్గురు తీసుకున్నారు లా," అంది, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు తోకని తెలుగుకీ తగిలించి. తను ఎంచుకున్నది రోమన్ల పాత ఊరు పాంపేలో ఒక ఇంటి పెరట్లో ఉన్న ఫౌంటెన్. ఫోన్లో ఫొటో చూపించింది. పెరటి గోడకి ఆనించి మనిషెత్తున కట్టిన గూడు. లోపలంతా చిన్న చిన్న రంగు గాజు ముక్కలు పొదిగారు, ఎక్కువగా నీలం. అంచుల వెంబడి సముద్రపు గుల్లలు వరసగా అతికించారు. గూటి మధ్యలోంచి బుల్లి మెట్లు దిగుతున్నాయి. ఆ మెట్ల మీద నుంచి నీళ్ళు జారి కిందున్న తొట్టిలో పడేవట.

మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. భీమవరం వైపు మనిషి. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫొటో కేసి చూశారు.

"గూడు భలేగా ఉందే. దీపం ఎక్కడ పెడతారు?"

"దీపం కాదు నానమ్మా. వాటర్."

"నీళ్ళకి గూడెందుకే తల్లీ?"

మా అమ్మాయి దానికి జవాబు ఇంగ్లీషులో, గబగబా, ఎప్పటిలాగే నాకేసి తిరిగి చెప్పింది. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే పెరిగిన పిల్ల. నానమ్మ మాట మొత్తం అర్థమవుతుంది, తిరిగి తెలుగులో అనడానికే సిగ్గు. తప్పు మాట్లాడితే నవ్వుతామని భయం. వాళ్ళిద్దరి మధ్యా నేను దుబాసీని. ఆ రోజు నేను అందించిన సంగతి ఇది: మొదట కొండల్లో ఎక్కడో ఒక గుహ, అందులోంచి ఊట. ఊట ఉన్నచోట నీటి కన్యలు ఉంటారని అక్కడివాళ్ళ నమ్మకం. చిన్న రాయి నిలబెట్టి, పూలు పెట్టి మొక్కేవాళ్ళు. తర్వాత పట్నాల్లో ఉండేవాళ్ళకి ఆ గుహ తమ ఇంట్లోనే ఉండాలనిపించింది. గోడలో గుహలాగా గూడు కట్టి, గరుకు రాళ్ళు, గుల్లలు అతికించి, దూరం నుంచి కాలువలో వచ్చిన నీళ్ళని సీసపు గొట్టాల్లో అక్కడి దాకా తెచ్చి వదిలారు. ఇంకా పెద్ద ఊళ్ళలో అయితే వీధి మొదట్లో స్తంభాలు, విగ్రహాలతో రెండంతస్తుల మేర కట్టి, ఊరందరూ కడవలు నింపుకునేలా చేశారు. వాటిని నింఫియం అంటారట.

అత్తగారు అంతా విని, "అయితే గంగమ్మ గుడే," అన్నారు.

"ఇట్స్ నాట్ ఎగ్జాక్ట్‌లీ ఏ టెంపుల్," అని మా అమ్మాయి గొణిగింది. నేను అది అనువదించలేదు.

నిజం చెప్పాలంటే, ఆ ఫౌంటెన్ రావడం నాకు సంబరంగానే ఉంది. సెకండరీ స్కూల్లో చేరినప్పటి నుంచీ మా అమ్మాయి గది తలుపు మూసే ఉండేది. తినడానికి వచ్చేది, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తినేది, వెళ్ళిపోయేది. ఇప్పుడు వేరే దారి లేదు. నీళ్ళతో పని, నేల మీద నీళ్ళు పోయే జాలీ ఉన్నది వంటింట్లోనే. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాలుక కొన బయటపెట్టి, పట్టకారుతో గాజు పెంకులు అతికిస్తూ ఉండేది. పక్కన పీట మీద నానమ్మ. నేను వాళ్ళిద్దరినీ దాటుకుంటూ అన్నం వండేదాన్ని. మాటలు పెద్దగా ఉండేవి కావు. అయినా ముగ్గురం ఒకచోట ఉండేవాళ్ళం.

మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు ఆదివారం. బకెట్టు ఫ్రిజ్ మీద పెట్టాం. దానికి కింద సన్నని రబ్బరు గొట్టం, గొట్టం చివర గూటి వెనక నుంచి పై మెట్టు దగ్గరకి. మా అమ్మాయి క్లిప్పు తీసింది. పై మెట్టు మీద నీళ్ళు నిండాయి, మెరిశాయి, అంచు దాకా వచ్చాయి. మేమందరం ముందుకి వంగాం. అక్కడి నుంచి కింది మెట్టు మీదకి దూకాల్సిన నీళ్ళు దూకలేదు. అంచు చుట్టూ తిరిగి, మెట్టు అడుగు భాగాన్నే పట్టుకుని, వెనక్కి గోడలోకి పాకిపోయాయి. వెనకవైపు నుంచి బయటికి వచ్చి, గట్టు మీద చెరువు కట్టి, కిటికీ అంచు మీదుగా బయటికి జారిపోయాయి. మేము గుడ్డలు వెతుక్కునే లోపల బకెట్టులో సగం అయిపోయింది.

కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడు. మా కింది ఫ్లాట్ ఆంటీ. అప్పటిదాకా లిఫ్టులో కనబడితే తల ఊపుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. చైనీస్ ఆవిడ, అత్తగారి వయసే ఉంటుంది. పొట్టి జుట్టు, పూల చొక్కా. చేతుల్లో తడి దుప్పటి. తెల్లటి దుప్పటి మీద పైనుంచి కింది దాకా నీలం చారలు. కిటికీ బయట వెదురుగడ మీద ఆరేసుకున్న దుప్పటి అది. మా అమ్మాయి గాజు పెంకుల మధ్య పూసిన నీలం రంగు ఇంకా ఆరకుండానే నీళ్ళు వదిలామన్నమాట.

"అయ్యో!" అన్నారు అత్తగారు, దుప్పటి చూసి.

"అయ్యో!" అంది ఆంటీ కూడా, మా వంటింటి నేల చూసి.

ఇక్కడి చైనీసు వాళ్ళు కూడా అయ్యో అంటారని అత్తగారికి అప్పటిదాకా తెలియదు. ఆవిడ మొహం విప్పారింది. "చూశావా, మన మాటే!" అని నాతో అంటూ ఆంటీ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. నేను క్షమించమని ఇంగ్లీషులో బతిమాలుతున్నాను. అత్తగారు పులిహోర ప్లేటులో పెట్టి తెచ్చారు. ఆంటీ, "నెవర్ మైండ్ లా, పాత దుప్పటే," అంటూ పులిహోర తింది, చింతపండు పులుపుకి కళ్ళు చికిలించింది, మళ్ళీ పెట్టించుకుంది. తర్వాత లేచి వెళ్ళి ఫౌంటెన్ ముందు వంగి నిలబడి చాలాసేపు చూసింది.

"ఇదేమిటి, చేపల తొట్టా?"

మా అమ్మాయి ఫోన్లో ఫొటో చూపించి ఓపిగ్గా చెప్పింది. ఆంటీ ఆ ఫొటోలో అంచుల్లో ఉన్న గుల్లల మీద వేలు పెట్టింది. "ఇవి ఎక్కడ కొంటావు? కొనకు. నేనిస్తాను."

ఆ వారంలోనే ఒక ప్లాస్టిక్ సంచీ నిండా గుల్లలు మా తలుపు గడియకి వేలాడుతూ కనిపించాయి. గీతలు గీతలుగా, గుండ్రంగా, వేలి గోరంత నుంచి రూపాయి బిళ్ళంత దాకా. ఆంటీ ఇంట్లో వండుకుని తిన్నవి. కడిగి పంపింది కానీ వాసన పోలేదు.

అత్తగారు జీవితంలో గుడ్డు కూడా ముట్టని మనిషి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, అవి లోపలికి తేనివ్వకు. ఎవరో తిని పారేసినవి. పైగా గంగమ్మ గూటికి పెడతారా?" అని నాతో అన్నారు.

"నానమ్మా, రోమన్స్ యూజ్‌డ్ దిస్ ఓన్లీ!" అని మా అమ్మాయి.

"వాళ్ళు ఏమైనా చేసుకోనీ. ఈ ఇంట్లో కుదరదు."

మా అమ్మాయి సంచీ తీసుకుని బాత్రూంలోకి పోయి తలుపేసుకుంది. లోపల్నుంచి బ్రష్షుతో రుద్దుతున్న చప్పుడు. ఎవరి వైపు మాట్లాడాలో తెలియక నేను బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను. ఇద్దరిదీ పట్టుదలే. మా ఆయనది కూడా అదే జాతి, కాబట్టి ఆయన్ని అడిగినా లాభం లేదు.

రెండు పూటలు అలా గడిచాయి. మా అమ్మాయి గది తలుపు మళ్ళీ మూతపడింది. మర్నాడు భోజనమయ్యాక అత్తగారు ఎప్పటిలాగే తమలపాకుల పళ్ళెం ముందు వేసుకున్నారు. ఆకు ఈనె తీశారు, వక్క పెట్టుకున్నారు, సున్నం డబ్బా మూత తీశారు. వేలితో కాస్త సున్నం తీసి ఆకు మీద రాయబోతూ అలాగే ఆగిపోయారు. నేను చూస్తూనే ఉన్నాను. వేలి కొన మీది సున్నాన్ని కాసేపు చూసుకుని, తనలో తనే నవ్వడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ అత్తయ్యగారూ?"

"ఏమవుతుంది, నా బుద్ధి తెల్లారింది. మా పుట్టింట్లో వాడేది గుల్ల సున్నమే. బట్టీలో గుల్లలు కాల్చేవాళ్ళు. బళ్ళ మీద తెచ్చి అమ్మేవాళ్ళు. మా దేవుడి గది గోడలకి అదే, మా అమ్మ తాంబూలంలోనూ అదే. ఇన్నేళ్ళూ గుల్లలు తిన్నదాన్ని, గోడకి అతికిస్తే వద్దన్నాను."

ఆకు చుట్టి నోట్లో పెట్టుకుని లేచి వెళ్ళి మనవరాలి గది తలుపు తట్టారు. "అమ్మడూ, ఆ గుల్లలు ఇలా పట్రా. నువ్వు వంకరటింకరగా పెడతావు. నేను పెడతాను."

మా అమ్మాయి తలుపు తీసి నాకేసి చూసింది. నేను భుజాలు ఎగరేశాను.

ముగ్గు వేసే చెయ్యి అత్తగారిది. చుక్కలు పెట్టకుండానే తిన్నగా గీత లాగుతారు. గుల్లల్ని నేల మీద పోసి, ముందు పెద్దవీ చిన్నవీ వేరు చేశారు. తర్వాత గూటి వంపు వెంబడి, కింద పెద్దవాటితో మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ చిన్నవి చేసుకుంటూ పోయారు. మధ్యలో ఎక్కడైనా ఒకటి కాస్త పక్కకి ఒరిగితే తీసి మళ్ళీ పెట్టేవారు. మా అమ్మాయి జిగురు రాసి అందిస్తోంది. "నానమ్మా, ఇది?" "అది వద్దు, పెచ్చు ఊడింది." "ఇది?" "ఆఁ, అలాంటిది." ఆ సాయంత్రం ఇద్దరి మధ్యా దుబాసీ అవసరం రాలేదు. ఆంటీ కూడా పైకి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ గుల్ల ఎలా వండుతారో వివరంగా చెప్పింది. అదృష్టవశాత్తూ అత్తగారికి ఇంగ్లీషు రాదు.

నీళ్ళ సంగతి మాత్రం తెమలలేదు. ఎంత నెమ్మదిగా వదిలినా, ఎంత జోరుగా వదిలినా అవి మెట్టు అడుక్కే పాకేవి. మా అమ్మాయి మెట్టు అంచుల్ని ఆకురాయితో అరగదీసింది. అంచు కింద మైనం రాసింది. ఒకరోజు విసుగొచ్చి, ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాని కత్తెరతో కోసి, సన్నటి రేకు బద్దలు తీసి, ప్రతి మెట్టు అంచునా కాస్త ముందుకి పొడుచుకు వచ్చేలా అతికించింది. క్లిప్పు తీసింది. ఈసారి నీళ్ళు రేకు చివరి దాకా వచ్చి, పట్టుకోవడానికేమీ దొరక్క, పల్చటి తెరలా కింది మెట్టు మీద పడ్డాయి. అక్కడ్నుంచి ఇంకో మెట్టు, ఇంకోటి. తొట్టిలో గలగలమని చప్పుడు. మా అమ్మాయి అరిచిన అరుపుకి హాల్లో ఫోన్ మాట్లాడుతున్న మా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏం విరిగింది?" అన్నారు. ఏమీ విరగలేదని తెలిశాక ఆయన కూడా అక్కడే నిలబడిపోయారు. ఫోన్లో అవతలివాళ్ళు హలో హలో అంటూనే ఉన్నారు.

ప్రదర్శన శనివారం మధ్యాహ్నం. ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నారు. మా ఆయనకి ఆ రోజే బ్యాంకులో పని పడింది. అత్తగారు పట్టుచీర కట్టుకున్నారు. ఆంటీ తన కూరగాయల ట్రాలీ ఇచ్చి, దాంతోపాటు తనూ బయల్దేరింది. ట్రాలీలో ఫౌంటెన్‌ని రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టి పెద్ద టాక్సీలో తీసుకెళ్ళాం. డ్రైవరు అద్దంలోంచి చూసి, గుడికా అని అడిగాడు. అవునని అత్తగారు తెలుగులోనే జవాబు చెప్పారు.

అక్కడికి వెళ్ళాక తెలిసింది. బకెట్టు పెట్టడానికి మా అమ్మాయి అడిగి ఉంచుకున్న ఎత్తు స్టాండు మీద అప్పటికే వేరే కుర్రాడి కాలువ నమూనా బిగించేశారు. దాన్ని కదిపితే అది కూలుతుంది. మిగిలినవి అన్నీ బల్లలే. బల్ల మీద బకెట్టు పెడితే నీళ్ళు పై మెట్టుకే ఎక్కవు. మా అమ్మాయి మొహం తెల్లబోయింది. చుట్టూ చూసింది. అవతల లెక్చరర్, ఆవిడతోపాటు బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగుతూ ఇటే వస్తున్నారు.

నేను చెప్పులు విప్పి కుర్చీ ఎక్కాను. "బకెట్టు ఇటివ్వు."

"అమ్మా, సీరియస్?"

"ఇవ్వవే!"

చీర కుచ్చిళ్ళు దోపుకుని, బకెట్టు తలకంటే ఎత్తుగా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చి నన్ను కింద నుంచి పైకి చూశారు. "ఈవిడ ఎవరు?" అని లెక్చరర్ అడిగింది.

"మా వాటర్ టవర్," అంది మా అమ్మాయి. తర్వాత గొంతు సర్దుకుని, "మై మదర్," అని చేర్చింది.

క్లిప్పు తీసింది. నీళ్ళు వచ్చాయి. నీలం గాజు మీద మెరుస్తూ, మెట్టు మెట్టుకీ తెరలా దిగుతూ, గుల్లల వంపు కిందుగా తొట్టిలోకి చేరాయి. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. కాలువ వాలు గురించి, ఎత్తున కట్టే ట్యాంకు గురించి, సీసపు గొట్టాల గురించి. బాగా చెబుతోంది. నా మోచేతులు వణకడం మొదలైంది. ఇక అయిపోవచ్చింది అనుకుంటున్నప్పుడు అత్తగారు ముందుకొచ్చారు.

"ఏం చెబుతున్నావో నాకూ చెప్పవే. ఇంత దూరం వచ్చాను."

మా అమ్మాయి అలవాటుగా నాకేసి చూసింది. నేను అనువదించే స్థితిలో లేను. లెక్చరర్ నవ్వుతూ, పరవాలేదు చెప్పు, మేమూ వింటాం అంది.

అప్పుడు చెప్పింది. తెలుగులో. అంతమంది ముందు.

"నానమ్మా, నీళ్ళు చాలా దూరం నుంచి వస్తుంది. కొండ నుంచి. స్లోగా నడుచుకుని వస్తుంది, పరిగెత్తదు. పరిగెత్తితే రాళ్ళు విరిగిపోతాయి కదా, అందుకే రోడ్డు కొంచెం కొంచెం కిందకి కట్టారు. ఊరికి వచ్చాక పైన ట్యాంకులో కూర్చుంటుంది. అమ్మ లాగా. అక్కడ నుంచి ఎవరి ఇంటికి వాళ్ళ పైపు. ఎవరూ తొయ్యరు నానమ్మా. అదే దిగుతుంది. వాళ్ళు దానికి థాంక్స్ చెప్పాలని ఇల్లు కట్టారు. ఇది నీళ్ళ ఇల్లు."

నీళ్ళు వస్తాయి అనాలి. నేను సరిదిద్దలేదు. నా కళ్ళు తడిసిపోయాయి, తుడుచుకుందామంటే రెండు చేతులూ పైనే ఉన్నాయి. అత్తగారు చివరి దాకా విన్నారు. "బాగా చెప్పావు," అని, చెయ్యి చాచి కింది మెట్టు మీద నీళ్ళని తాకి, తల మీద చల్లుకున్నారు. ఆవిణ్ణి చూసి ఆంటీ కూడా తాకి చల్లుకుంది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒక క్షణం తటపటాయించి, తనూ వేలు తడుపుకున్నాడు. బకెట్టు ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

మొదటి బహుమతి కాలువ కట్టిన కుర్రాడికి వచ్చింది. మా అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. గాజు పెంకులు మరీ పెద్దవనీ, పాంపేలో అవి చాలా చిన్నవనీ లెక్చరర్ రాసింది. మా అమ్మాయి దాని గురించి కాసేపు బాధపడి, తర్వాత వెళ్ళి క్లాసువాళ్ళందరితో బబుల్ టీ తాగింది. నేను ఆ వారమంతా చేతులు పైకెత్తలేక తల దువ్వుకోవడానికి కూడా అత్తగారి సాయం తీసుకున్నాను.

ఫౌంటెన్ ఇప్పుడు కింది ఫ్లాట్ ఆంటీ గుమ్మం ముందు, ఆవిడ మొక్కల కుండీల మధ్య ఉంది. తనే అడిగి తీసుకుంది. తొట్టిలో నీళ్ళు నిలవ ఉంచడానికి వీల్లేదు. దోమల తనిఖీకి వచ్చినవాళ్ళు టార్చిలైటు వేసి చూస్తారు. అందుకని ఆదివారం సాయంత్రాలు మాత్రం అత్తగారు కిందికి దిగుతారు. ఇద్దరూ కలిసి ఒక బకెట్టు నీళ్ళు దాని మీదుగా పారించి, తొట్టిలో చేరిన నీళ్ళని కుండీల్లో పోసేస్తారు. తర్వాత కుర్చీలు వేసుకుని, ఒకరు తెలుగులో, ఒకరు తమ చైనీసు భాష హొక్కియన్‌లో, ఎవరి కబుర్లు వాళ్ళు చెప్పుకుంటారు. మధ్యమధ్య అయ్యో అనుకుంటారు.

మా అమ్మాయి రెండో సంవత్సరంలోకి వచ్చింది. వంటిల్లు నాకు తిరిగొచ్చింది. గది తలుపు ఈమధ్య సగం తెరిచి ఉంటోంది. ఈసారి క్లాసులో ఇచ్చింది బస్టాపు నమూనా. అట్టముక్కలు, సన్నటి కర్రలు, చిన్న పైకప్పు. నిన్న దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి చూపిస్తే అత్తగారు చుట్టూ తిరిగి చూశారు, వంగి లోపలికి చూశారు.

"కూర్చునే చోటు బాగుంది. నీడ బాగుంది. మరి వీళ్ళకి దాహం వేస్తే?"

మా అమ్మాయి పెన్సిలు చెవి వెనక నుంచి తీసి, "ఎక్కడ పెట్టమంటావు నానమ్మా?" అంది.